పులి ఉపవాసం

జనం పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్‌లో ఆ తోటకు సర్కారువారు పెట్టిన పేరు ఏదో ఉండేది. బోర్డు మీద రాసుకోవడానికి తప్ప అది ఎవరికీ పనికిరాలేదు. ఊరందరికీ అది పులితోట. అక్కడ జింకలున్నాయి, నెమళ్ళున్నాయి, ఒక ముసలి దుమ్ములగొండి ఉంది, కోతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా పేరు మాత్రం పులిదే. అమ్రాబాదు అడవిలో కూనగా దొరికిన దాన్ని తెచ్చి బోనులో పెట్టి, సుల్తాన్ అని పిలిచారు. పల్లెల నుంచి కచేరి పనుల మీద వచ్చినవాళ్ళు, పని అయినా కాకపోయినా దాన్ని చూసే వెళ్ళేవాళ్ళు. పల్లీలు ఒలుచుకు తింటూ, ఒక్కసారైనా గాండ్రించకపోతుందా అని నిలబడేవాళ్ళు. అది మాత్రం ఆవులించి పక్కకు తిరిగి పడుకునేది.

దానికి తిండి పెట్టేవాడు వెంకటరాజం. ఊరు మోత్కూరు దగ్గరి పల్లె, కులం పద్మశాలి. మగ్గం మీద ఇల్లు గడవక పాలమూరు వచ్చి ఈ కొలువులో చేరాడు. తోట వెనుక సర్కారు ఇచ్చిన గదిలో భార్య అమృతమ్మతో కాపురం. రోజూ పొద్దున కసాయి మనిషి బర్రె మాంసం బకెట్లో తెచ్చి దించితే, పులికి ఇంత, దుమ్ములగొండికి ఇంత వేయడం అతని పని.

మొదట్లో చుట్టాలు ఊరుకోలేదు. "నూలు పట్టిన చేతులతోని కూర బకెట్ మోస్తున్నవా రాజం?" అని పెళ్ళిళ్ళలో పక్కన కూర్చోబెట్టుకుని మరీ గిచ్చేవాళ్ళు. వాళ్ళ నోళ్ళు మూయించింది అతని తల్లి నర్సింగమ్మ.

"మన కులదేవుడు భావనారుషి దేని మీద కూసుంటడు? పులి మీద గాదా? నా కొడుకు సామి వాహనానికి తిండి పెడ్తున్నడు. మీ కొడుకులు సావుకార్ల ఎడ్లకు గడ్డేస్తున్నరు. ఏది పెద్ద కొలువో మీరే చెప్పుండ్రి" అంది.

ఆ మాట కులంలో నిలిచిపోయింది. అప్పటి నుంచి పాలమూరు మీదుగా పోయే ప్రతి పద్మశాలీ పులితోటకు వచ్చి, చెప్పులు విడిచి, బోనుకు దండం పెట్టుకుని, వెంకటరాజాన్ని కూడా ఒకసారి గౌరవంగా చూసి వెళ్ళేవాడు. గౌరవం కూడా కల్లు లాంటిదే, అలవాటు లేనివాడికి తొందరగా ఎక్కుతుంది. "నేను పిలిస్తె పిల్లి లెక్క లేచి వస్తది" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నిజానికి అది బకెట్ చప్పుడుకు తప్ప ఎవరి పిలుపుకూ లేచేది కాదు. అమృతమ్మకు ఆ సంగతి తెలుసు. మొగుడి మర్యాద ఎందుకు తీయాలని ఊరుకునేది.

ఏటా శ్రావణంలో నూలు పున్నమికి నర్సింగమ్మ బస్సులు మారి పాలమూరు వచ్చేది. ఆ రోజు పద్మశాలీలు కొత్త జంధ్యాలు వేసుకుంటారు, దేవుడికీ మగ్గానికీ నూలుపోగులు కడతారు. ఆమె తన మగ్గం మీది నూలు పేటలు కలిపి, పసుపు రాసి తెచ్చేది. కొడుకు దాన్ని పులిబోను ఊచకు కట్టేవాడు. జనం దగ్గరికి పోకుండా బోను చుట్టూ కాస్త దూరంలో ఇంకో కంచె ఉండేది. ఆమె దాని అవతలే నిలబడి చేతులు జోడించేది. కంచె దాటి లోపలికి పోయే హక్కు వెంకటరాజానికీ, తోటమాలి పెద్దులుకూ తప్ప మరొకరికి లేదు.

పున్నమి నాడు వెంకటరాజం మాంసం ముట్టేవాడు కాదు. ఆ ఒక్కరోజు పెద్దులే పులికి వేసేవాడు. పెద్దులుకు పున్నమీ లేదు, అమాసా లేదు. "నువ్వు దండం పెట్టు, నేను కూర పెడ్త. దానికి ఏది కావాల్నో అదే తీసుకుంటది" అని నవ్వేవాడు.

అరవై రెండులో, ఆ పున్నమికి ముందు, వానలు దంచికొట్టాయి. వాగు పొంగి కసాయి మనిషి ముందు రోజు రానే లేదు. పులి ఆ రోజంతా బోనులో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంది. తెల్లవారి పున్నమి. మాంసం వచ్చింది కానీ పెద్దులు రాలేదు. చలిజ్వరంతో పడుకున్నాడని కబురు తెచ్చారు.

వెంకటరాజం అప్పటికే తలస్నానం చేసి కొత్త జంధ్యం వేసుకున్నాడు. బకెట్ వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఇయ్యాల నేను ముట్ట. అమ్మ వచ్చే యాళ్ల అయితాంది" అన్నాడు.

"చేతితోని ముట్టకుంటె కట్టెతోని నూకు. నిన్న సుత తినలేదు అది" అంది అమృతమ్మ.

"కట్టెతోని నూకినా ముట్టినట్టే. ఒక్క పూటకు ఏంగాదు. సామి వాహనం గద, దానికి సుత పున్నమి ఉపాసమే."

"ఉపాసం నువ్వుండు. పులికి పున్నమేంది?"

ఆడదాని మాట ఏమిటన్నట్టు చూసి, కసాయి మనిషితో ఆ బకెట్ మొత్తం, చుట్టూ కంచె లేని దుమ్ములగొండి బోనులో గుమ్మరించమన్నాడు. ముసలి దుమ్ములగొండి తన అదృష్టాన్ని తానే నమ్మలేక అటూ ఇటూ చూసి మరీ తిన్నది. ఎదురుగా బోనులో పులి ఊచలకు ముఖం ఆనించి అది తినడమే చూస్తూ నిలబడింది. వెంకటరాజం ఒక తపేలాలో పాలు తెచ్చి బోను కింది సందులోంచి నెట్టాడు. పులి వాసన చూసి, పంజాతో కొట్టింది. పాలు బండ మీద ఒలికిపోయాయి.

నర్సింగమ్మ వచ్చాక ఆ మాట గర్వంగా చెప్పాడు కూడా. ఆమె కొడుకు తల నిమిరి, "సాలె బిడ్డవు అనిపించినవ్" అంది. ఆమె మనసు ఆ రోజు వేరే చోట ఉంది. కళ్ళు సరిగా కనబడక మగ్గం ఆపేయాల్సి వచ్చింది. ఈసారి తెచ్చిన నూలు ఆ మగ్గం మీది చివరి నూలు. ఇంటికి పోయాక మగ్గం గుంట పూడ్చి, ఆ జాగాలో జొన్నల గుమ్మి పెట్టుకోవాలనుకుంది.

"బిడ్డా, మళ్ల నూలు తేను నేను. ఈ ఒక్కసారి నా చేత్తోని కడ్త" అని అడిగింది.

ఒక్క తల్లే అయితే వద్దనేవాడేమో. కానీ వెనుక కుల పెద్ద రామచంద్రం, ఆయన వెంట పాలమూరు సాలెవాడలోని ఆడా మగా సగం మంది ఉన్నారు. అంతమంది ముందు, పులి నా మాట వింటుంది అని చెప్పుకున్న మనిషి కంచె తలుపు తీయకుండా ఎలా ఉంటాడు? తీశాడు. తల్లిని లోపలికి తీసుకెళ్ళి, "సుల్తాన్!" అని పిలిచాడు.

ఎన్నడూ పిలుపుకు లేవని పులి ఆ రోజు ఒక్క పిలుపుకే లేచి ఊచల దగ్గరికి వచ్చింది. "ఎట్ల ఇంటాందో చూసినవా!" అని జనం మురిసిపోయారు. వెంకటరాజం ఛాతీ విరుచుకున్నాడు. అది ఆకలికి వచ్చిందని ఆ క్షణాన అతనికి తోచనే లేదు.

నర్సింగమ్మ నూలు ఊచకు చుట్టబోయి ఆగింది. సామి వాహనం ముఖం అంత దగ్గరగా ఆమె ఎన్నడూ చూడలేదు. కుంకుమ భరిణెలో వేలు ముంచి, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి, దాని నుదుటికి బొట్టు పెట్టబోయింది. తరువాత ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా ఆమెది ఒకటే జవాబు. "మొఖం ముందట పెట్టినంక బొట్టు పెట్టకుంట ఎట్లుంటం?"

పులి ఆ చేతిని పట్టుకుంది. వెంకటరాజం ఇనుప కడ్డీ తీసుకుని దాని మూతి మీద కొట్టి కొట్టి విడిపించేసరికి అది చెయ్యిగా లేదు. దవాఖానలో మోచేతి కింద తీసేశారు. కుడి చెయ్యి. జీవితమంతా మగ్గం మీద నాడె విసిరిన చెయ్యి.

మర్నాడు సూపరింటెండెంటు లక్ష్మీపతి విచారణకు వచ్చాడు. ఆయనది కోస్తా. రాష్ట్రం ఏర్పడ్డాక బదిలీ మీద వచ్చినవాడు. నిష్ఠగల మనిషి, మాంసం బకెట్ ఎదురైతే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. ఆయనకు పులి దేవుడూ కాదు, శత్రువూ కాదు, తన మీద పెట్టిన బాధ్యత. బోను ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. చుట్టూ తోట పనివాళ్ళు, రామచంద్రం, కులంవాళ్ళు నిలబడ్డారు. మాంసం తెచ్చే కసాయి మనిషిని పిలవాలని ఎవరికీ తోచలేదు.

"ఇదిగో వెంకటరాజం, నన్ను చూసి చెప్పు. ఆకలి మీదున్న జంతువు చెయ్యి పట్టుకుందంటే అది దాని తప్పు కాదు, మన తప్పు. కడుపు నిండిన జంతువు పట్టుకుందంటే దానికి మనిషి భయం పోయిందన్నమాట. అలాంటిదాన్ని జనం మధ్య ఉంచలేను. నిన్న మేత పెట్టావా?"

ప్రశ్న అంత స్పష్టంగా ఉంది. జవాబు ఎటు చెబితే ఏమవుతుందో కూడా ఆయనే విప్పి చెప్పాడు. లేదు అంటే పులి బతుకుతుంది, వెంకటరాజం కొలువు పోతుంది. కొలువు భయం సగమే. మిగతా సగం పక్కన నిలబడ్డ రామచంద్రం. సామి వాహనానికి తిండి పెట్టేవాడని తనను పెళ్ళి పందిట్లో ముందు వరుసలో కూర్చోబెట్టిన మనిషి. ఆయన వినేలా, వాహనాన్ని మాడ్చాను అని ఎలా అనడం?

"పెట్టిన సార్."

లక్ష్మీపతి కుర్చీలో ముందుకు వంగాడు. "జాగ్రత్తగా ఆలోచించుకుని చెప్పవయ్యా. నిండుగా పెట్టావా?"

"నిండ పెట్టిన సార్."

వెనుక గది గుమ్మంలో అమృతమ్మ ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పులిని కాల్చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరు రెండుగా కాదు, నాలుగుగా చీలింది. సాలెవాడ మగ్గాలు ఆగిపోయాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో వచ్చి తోట గేటు ముందు కూర్చుని, సొంత మనిషికి శిక్ష పడ్డట్టు ఏడ్చారు. "చెయ్యి పోయింది మా మనిషిది, ఫిర్యాదు మాకు లేదు, మీకెందుకు?" అని రామచంద్రం లక్ష్మీపతి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. లక్ష్మీపతికి ఇది బుర్రకెక్కలేదు. "మీ ముసలమ్మ చెయ్యి తింటే మీరే దాన్ని కాపాడమంటారేవిటయ్యా!" అని తల పట్టుకున్నాడు. బజారులో చాయ్ తాగేవాళ్ళకు అదొక తమాషా. మరికొందరికి పులిగోళ్ళ మీద, కొవ్వు మీద కన్ను. కీళ్ళనొప్పులకు పులికొవ్వు దివ్యౌషధమని కాల్చకముందే బేరాలాడారు.

అమ్రాబాదు వైపు నుంచి మైసమ్మ అని ఒకామె వచ్చింది. మేకలు కాసుకునే కుటుంబం. ఆమె మొగుణ్ణి అడవిలో పులి ఎత్తుకుపోయింది. పులిని కాలుస్తారట అని తెలిసి, చూడటానికే వచ్చి, గేటు దగ్గర కూర్చుంది. ఏడ్చే ఆడవాళ్ళను చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

"మీకు సామి. నా మొగన్ని తిన్నది నాకు" అంది. కొంతసేపయ్యాక సాలెవాడ ఆడవాళ్ళలో ఒకావిడ తన ముంతలో నీళ్ళు ఆమెకు ఇచ్చింది. మైసమ్మ తాగింది. ఇటువారు ఇటు, అటువారు అటు అక్కడే కూర్చున్నారు.

దవాఖానలో నర్సింగమ్మకు జ్వరం తగ్గి మాట వచ్చింది. మొదటి మాట, "దాన్ని ఏమన్న జేసిండ్రా?" అని.

వెంకటరాజం నేల చూశాడు. అమృతమ్మ చెప్పింది. ఉత్తర్వు సంగతి, విచారణ సంగతి, అడిగిన ప్రశ్న, చెప్పిన జవాబు. ఒక్క మాట మిగల్చకుండా చెప్పింది.

నర్సింగమ్మ ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. "తప్పు నాది సుత ఉన్నది. ఉపాసం అన్నవు, మంచిగ జేసినవ్ అన్న. అది ఆకలి మీదున్నదని తెలిసి చెయ్యి పెట్టిన. నా చెయ్యి పోయిందని నాకు బాధ లేదు బిడ్డా. పోయి ఆ సార్‌కు చెప్పు. దాని పానం పోనియ్యకు" అంది.

"చెప్త అమ్మా."

"ఇప్పుడే పో."

పోయాడు. లక్ష్మీపతి గది బయట రామచంద్రం, కులంవాళ్ళు కూర్చుని ఉన్నారు. వెంకటరాజాన్ని చూడగానే లేచి చోటిచ్చారు. "తల్లి చెయ్యి పోయి సుత వాహనం కోసం తిరుగుతాండు. మనిషంటె నువ్వు రాజం" అని రామచంద్రం భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకు వెంకటరాజం అక్కడే కూర్చుండిపోయాడు. వాళ్ళతో పాటు సాయంత్రం దాకా కూర్చున్నాడు. వాళ్ళు లేచినప్పుడు లేచాడు. గది తలుపు తీసే ఉంది. లక్ష్మీపతి ఒకసారి తలెత్తి, ఏమిటన్నట్టు చూశాడు కూడా. వెంకటరాజం నమస్కారం పెట్టి వచ్చేశాడు. సిగ్గుతో నోరు పెగలనివాణ్ణి క్షమించవచ్చు. ఇతనికి మెప్పు పోతుందని నోరు పెగలలేదు. సిగ్గు తరువాత వచ్చింది, అప్పటికి అది ఎవరికీ పనికిరాలేదు.

దవాఖానకు మాత్రం ఆ రాత్రి వెళ్ళలేదు.

తెల్లవారి తుపాకీ పోలీసు వచ్చాడు. పులి బోనులో వెనుక గోడకు ఆనుకుని పడుకుని ఉంది. చీకటి మూల. గురి సరిగా కుదరకపోతే నరకయాతన పడుతుందని పోలీసు అన్నాడు. లక్ష్మీపతి రుమాలుతో ముఖం తుడుచుకుని వెంకటరాజం వైపు తిరిగాడు.

"నువ్వు పిలిస్తే వస్తుందట కదా. పిలువు. దానికి బాధ లేకుండా పోనీ."

అందరూ అతన్నే చూస్తున్నారు. ఇప్పుడైనా చెప్పొచ్చు, తుపాకీ ఇంకా ఎత్తలేదు. నోట్లో మాట నాలుక దాకా వచ్చింది. బయటికి వచ్చిన మాట మాత్రం వేరే.

"సుల్తాన్."

విచారణ జరిగిన నాటి నుంచి వెంకటరాజం దవాఖాన దగ్గరే ఉంటే, పులి దగ్గరికి పోవడానికి భయపడి దానికి మేత సరిగా వేసినవాళ్ళు లేరు. అది లేచి, చెవులు నిక్కించి, వడివడిగా ఊచల దగ్గరికి వచ్చింది. అతని చేతుల వైపు చూసింది. ఆ చేతుల్లో బకెట్ లేదు.

తుపాకీ పేలాక జింకలు చాలాసేపు గెంతాయి. కోతులు అరిచి అరిచి ఊరుకున్నాయి. లక్ష్మీపతి ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళి, ఆ రోజు భోజనం ముట్టలేదని ఆయన వంటమనిషే చెప్పాడు. తోలు ఒలిచి పట్నానికి పంపించారు. గోళ్ళు, మీసాలు ఎటు పోయాయో అడిగితే ఎవరూ చెప్పరు. మిగిలినదాన్ని తోట వెనుక గుంట తీసి పూడ్చారు.

సాలెవాడలో అందరూ తలకు పోసుకున్నారు. రామచంద్రం, "వాహనం పోతె మన ఇంట్ల మనిషి పోయినట్టే. మూడో నాడు పిట్టకు పెట్టాలె" అని తీర్పు చెప్పాడు. చచ్చినవాళ్ళకు ఇష్టమైనది వండి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకోవడం ఈ దేశపు ఆచారం. ముట్టిందా, పోయిన జీవికి తృప్తి. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయిందని, దాన్ని తీరుస్తామని ఇంటివాళ్ళు చేతులు జోడించి మాట ఇవ్వాలి. పులికి పిట్టకు పెట్టడమేమిటని ఊరు నవ్వింది. సాలెవాడ నవ్వలేదు.

పెట్టేవాడు కొడుకు వరస కావాలి కదా. దానికి కొడుకెవరు? ఇన్నేళ్ళు కడుపు నింపినవాడు వెంకటరాజమే అన్నారు. తలవెంట్రుకలు తీయించి, తెల్లపంచె కట్టించి, గుంట దగ్గర నిలబెట్టారు. విస్తరిలో పచ్చి మాంసం పెట్టాలి, దానికి ఇష్టమైనది అదే కాబట్టి. "శ్రావణమని చూడకు, ముట్టు. ఇది దాని రుణం" అన్నాడు రామచంద్రం. వెంకటరాజం మాంసాన్ని రెండు చేతులా ఎత్తి విస్తరిలో పెట్టాడు. పున్నమి నాడు కట్టెతో నెట్టడానికి కూడా మైల అనుకున్న చేతులే అవి.

అందరూ దూరం జరిగి నిలబడ్డారు. నర్సింగమ్మ దవాఖాన నుంచి కోడలి భుజం పట్టుకుని వచ్చింది. గుడ్డ చుట్టిన మొండి చెయ్యి కొంగు కింద దాచుకుంది. జ్వరంతో లేచి పెద్దులు కూడా వచ్చాడు. మైసమ్మ ఇంకా ఊరికి పోలేదు. పోవాలని లేచి, ఎందుకో పోలేక, వాళ్ళ వెనుకే నిలబడింది.

కాకులు గోడ మీద కూర్చున్నాయి. దిగలేదు.

"తోలు ఒలిచిండ్రని బాధపడ్డదేమో. తోలు తెప్పిస్తం సామీ" అన్నాడు ఒకడు. కాకులు దిగలేదు.

"నూలుపోగు కట్టించుకోలేదు. ఏటేట కడ్తం సామీ" అంది ఒకావిడ. దిగలేదు.

"అడవికి పోవాలని ఉండెనేమో" అన్నారు ఇంకెవరో. ఒక కాకి లేచి అటుపక్క కొమ్మ మీదికి పోయింది. రామచంద్రం చెమట తుడుచుకుని, "రాజం, దాని మనసు నీకెరుక. ఏం కోరిక ఉండెనో నువ్వే అడుగు" అన్నాడు.

వెంకటరాజం తల్లి వైపు చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు, విస్తరినే చూస్తోంది.

వెనుక నుంచి మైసమ్మ గొణిగింది. ఎవరినో ఉద్దేశించి కాదు, తనలో తానే. "దానికి కోరికేంది? నిండ మేపిండ్రట గద. మా అడవిల దానికి ఆకలైంది, నా మొగన్ని తిన్నది. ఏడ్చిన గని, దాని ఆకలి అది అనుకున్న. ఇదైతె కడుపు నిండినంక ముసలమ్మ చెయ్యి పట్టె. ఇది పులి గాదు, దయ్యం."

ఆ మాట వెంకటరాజం విన్నాడు. అప్పటిదాకా ఎవరూ ఆ పులిని అంతమాట అనలేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి కూడా ఆకలిని క్షమించింది. తను ఆ ఒక్క ఆకలిని దాచి, చచ్చినదాని మీద దయ్యమన్న పేరు కూడా వేయించాడు.

"అమ్మా, దాన్ని అనకు" అన్నాడు మైసమ్మతో. "దాని కడుపుల ఏం లేదు. ముందునాడు వానకు కూర రాలె. పున్నమినాడు నేను పెట్టలె. ముట్టొద్దని పెట్టలె. దుమ్ములగొండికి ఏయించిన. సార్‌కు అబద్ధం చెప్పిన."

రామచంద్రం మొదట అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ఆయన చెయ్యి మెల్లగా తన భుజం మీది కండువా మీదికి పోయింది, దాన్ని తీసి ముఖం కప్పుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. గేటు దగ్గర రోజులకు రోజులు ఏడ్చిన ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు కొంగులు సర్దుకుని, వెంకటరాజం పక్క నుంచి కాక చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు. పెద్దులు, "పిలిస్తె వచ్చేవాణ్ణి గదరా, జరమున్నా వచ్చేవాణ్ణి" అన్నాడు. మైసమ్మ అతన్ని కింది నుంచి మీది దాకా చూసింది.

"నాకది పగది. పగదానికి సుత నేను గిట్ల జెయ్య" అని తన మూట తీసుకుని బయలుదేరింది.

నిజం చెప్పాడు కదా అని కాకేమీ దిగలేదు. విస్తరి అలాగే ఉంది, ఈగలు ముసిరాయి.

నర్సింగమ్మ కోడలిని చెయ్యి చాపి అడిగింది. అమృతమ్మ నడుము దోపులోంచి నూలు తీసింది. పున్నమి నాడు కింద పడిపోతే ఏరి దాచింది అది. పసుపు మీద ఎర్ర మరకలు ఎండి నల్లబడ్డాయి. ముసలామె కంచె తలుపు తోసుకుని ఖాళీ బోను దగ్గరికి నడిచింది. నూలు ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండో కొస ఎడమ చేత్తో ఊచ చుట్టూ తిప్పింది. ముడి పడలేదు, జారింది. మళ్ళీ తిప్పింది. ఎన్ని వేల తెగిన పోగులు క్షణంలో అతికిన మనిషో, ఒక్క ముడి వేయలేక ఆయాసపడుతోంది.

వెంకటరాజం చూడలేకపోయాడు. ఉరికి వెళ్ళి, వేలాడుతున్న కొస పట్టుకోవడానికి చెయ్యి చాపాడు.

నర్సింగమ్మ నోట్లోని నూలు వదలకుండానే అతని వైపు తిరిగింది. పళ్ళ మధ్య నుంచి, మెల్లగా, కోపం లేకుండా అంది.

"నువ్వు ముట్టకు బిడ్డా."